మంచి గుంట శాంపిల్

నాకు అనుమానం ఎక్కువని మా ఇంట్లో అందరూ నా మొహం మీదే అంటారు. అననీ. నిన్నటి చేపల్ని అడుగున పెట్టి పైన ఇవాళ్టివి పరిచి అమ్ముతున్న చేపలమ్మిని పట్టుకున్నది నేనే. రొయ్యల గుంట గట్టున కాపలాకు పెట్టిన మనిషి సుఖంగా నిద్రపోతున్నాడని కనిపెట్టిందీ నేనే. ఈ వెంకటశేషమ్మ కళ్ళు కప్పడం అంత తేలిక కాదని అల్లూరు దాకా చెప్పుకుంటారు.

అయితే ఈ గుణం బుచ్చిరెడ్డిపాలెంలో మా పుట్టింటి నుంచి వచ్చింది కాదు. కాపురానికి వచ్చాక మా ఆయన పద్మనాభయ్య దగ్గర అబ్బింది. మామూలు రోజుల్లో ఆయన బంగారంలాంటి మనిషి. తలవంచుకుని పొలానికి పోయేవాడు, తలవంచుకుని వచ్చేవాడు. ఉన్నట్టుండి మారిపోయేవాడు. నిద్ర ఉండదు, మాట ఆగదు. సముద్రం నుంచి మా ఊరి దాకా కాలవ తవ్వితే పడవలు ఇంటి ముందుకే వస్తాయని ఒకసారి గునపం భుజాన వేసుకుని బయలుదేరాడు. పాలిచ్చే గేదెను దారిన పోయే మనిషికి తోలి ఇచ్చేశాడు. ఆ ఊపు దిగిపోయాక నెలల తరబడి గోడవైపు తిరిగి పడుకునేవాడు. తల దువ్వుకోమన్నా ఏడ్చేవాడు. గాలి సోకిందన్నారు. ఏఎస్ పేట దర్గాకు తీసుకుపోయి అక్కడే ఉంచాం. తేరుకుంటే దర్గా మహిమ అనుకున్నాం, మళ్ళీ మొదలైతే మా రాత అనుకున్నాం. ఆయన చెల్లెలికీ ఇదే. ఆమె పంట కాలవలో పడి పోయింది. పడిందో, దూకిందో ఎవరూ అడగలేదు.

ఆ కాపురంలో నేను నేర్చుకున్నది ఒకటే. మొదటి గుర్తు ఏమిటో నాకు తెలిసిపోయింది. అన్నం మధ్యలో లేవడం. ఎవరికో ఏదో అర్జంటుగా చెప్పాలని ఎంగిలి చేత్తోనే వీధిలోకి పోయేవాడు. అలా లేచాడంటే వారం తిరిగేసరికి ఇల్లు అల్లకల్లోలమే. అందుకని ఆయన మొహం చూడడం మానేసి కంచం చూడడం మొదలుపెట్టాను.

ఆ జబ్బుకు ఒక పేరుందని ఆయన పోయాకే తెలిసింది. మా చిన్నవాడు పెంచలప్రసాద్ కాలేజీలో ఉండగా, పరీక్ష హాల్లోంచి లేచి వచ్చి దేశమంతా తిరిగి పాఠాలు చెబుతానన్నాడు. నెల్లూరులో డాక్టర్ నవోమి దగ్గరికి తీసుకుపోతే బైపోలార్ అన్నది. లిథియం మాత్రలు రాసింది. వాటితో వాడి చేతులు కొంచెం వణుకుతాయి, దాహం వేస్తుంది, కానీ మనిషి నిలబడ్డాడు. పెళ్ళి మాత్రం వద్దన్నాడు. అన్న పెంచలకృష్ణతో కలిసి రొయ్యల గుంటలు చూసుకుంటున్నాడు. ఆ రోజు నుంచి నేను వాడి కంచం చూస్తూనే ఉన్నాను.

రొయ్యల సాగులో ఉన్నవాళ్ళకు పీసీఆర్ టెస్టు అంటే చెప్పక్కర్లేదు. పిల్ల వేసే ముందు టెస్టు, గుంటలో రొయ్య మందకొడిగా కనిపిస్తే టెస్టు. తెల్లమచ్చ వైరస్ పాజిటివ్ అన్నారంటే ఆ గుంట పని అయిపోయినట్టే. కొనేవాడు ఫోన్ ఎత్తడు. పక్క గుంటలవాళ్ళు మన మనుషుల్ని వాళ్ళ గట్టు ఎక్కనివ్వరు. అందుకని మా వైపు కొందరు ఒక ఉపాయం చేస్తారు. అనుమానం ఉన్న గుంటకు శాంపిల్ అడిగితే, మంచి గుంటలో రొయ్యల్ని పట్టి దీని పేరు పెట్టి పంపుతారు. పోయినేడు కృష్ణ అదే చేశాడు. వాడి తెలివికి నేను మురిసిపోయి, ఆ పూట వాడికిష్టమని మామిడికాయ వేసి చేపల పులుసు చేసి పెట్టాను. ఆ గుంట మాత్రం చివరికి దక్కలేదు.

ఇక అసలు సంగతి. వేసవి ముదరకముందు ఒక ఉదయం డాక్టర్ నవోమి కారులో మా ఇంటికే వచ్చింది. వెంట సుధాకర్ అని ఆవిడ దగ్గర పనిచేసే మనిషి, అతని చేతిలో ఐసు పెట్టె. నాకు అక్కడే అనుమానం మొదలైంది. నెల్లూరులో ఆవిడ గది ముందు జనం పూటంతా కాచుకుని కూర్చుంటారు. అలాంటావిడ పని కట్టుకుని మా గడప తొక్కి, మజ్జిగ చాలా బాగుందని మెచ్చుకున్నదంటే ఏదో ఉంది.

ఉన్నది ఏమిటంటే, మా రక్తం కావాలట. ఒకే ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఈ జబ్బు వచ్చిన కుటుంబాలను వెతుకుతున్నారట. ఉన్నవాళ్ళ రక్తం, లేనివాళ్ళ రక్తం పక్కపక్కన పెట్టి జన్యువుల్లో ఎక్కడెక్కడ తేడాలున్నాయో చూస్తారట. మా ఆయన, ఆయన చెల్లెలు ఎలాగూ ఇవ్వలేరు. కాబట్టి ప్రసాద్, కృష్ణ, నేను ఇవ్వాలన్నది.

నేను అడగాల్సినవన్నీ అడిగాను. ఈ రక్తం ఎక్కడికి పోతుంది, మా పేర్లు ఎవరెవరు చూస్తారు, దీంతో మందు చేసి అమ్ముకుంటారా. ఆవిడ దేనికీ విసుక్కోలేదు. అదీ అనుమానమే. పేర్లు ఉండవు, నంబర్లే అన్నది. ఇది ఏదో ఒక జన్యువు చేసే పని కాదమ్మా, వందల చోట్ల చిన్న చిన్న తేడాలుంటాయి, ఒక్కొక్కటి చేసేది ఇసుమంతే, దానికి తోడు నిద్రలేమి, దిగులు, బతుకులో తగిలే దెబ్బలు కూడా కలుస్తాయి, ఇది తేలాలంటే వేల మంది రక్తం చూడాలి అన్నది. ఎవరికి వస్తుందో, ఎవరికి రాదో చెప్పే టెస్టు ఇంకా లేదు కాబట్టి మీ ఇంటికి ఫలితం అంటూ ఏదీ రాదని కూడా చెప్పింది.

నాకు ఒళ్ళు మండింది. "మా గుంట శాంపిల్ తీసకపోయినోడు గూడా సాయంత్రానికి ఫోన్ జేసి చెప్తాడు. మీరు మనిషి రక్తం తీసకపోయి నోరు మూసుకుంటారా?" అన్నాను.

ఆవిడ నవ్వి, తల్లి రక్తం చాలా ముఖ్యమమ్మా, మీరు కూడా ఇస్తే మంచిదన్నది. అంటే ఈ జబ్బు నా వైపు నుంచి వచ్చిందేమో చూస్తారన్నమాట. నేను చెయ్యి కొంగు కింద పెట్టేసుకున్నాను. ప్రసాద్ మాత్రం అక్కడికక్కడే చొక్కా చెయ్యి మడిచి ఇచ్చేశాడు. వాడికి సూదులు అలవాటే, లిథియం ఎంతుందో చూడడానికి ఎప్పుడూ తీస్తూనే ఉంటారు. కృష్ణ అప్పుడు ఇంట్లో లేడు. వచ్చాక విని, అల్లూరులో వాళ్ళు క్యాంపు పెట్టిన రోజున అక్కడే ఇస్తానన్నాడు.

ఆ రోజు పోయి వచ్చానన్నాడు కూడా. ఆ సాయంత్రం మా గుంటల దగ్గర పనిచేసే హజరత్తయ్య ఇంటికి వచ్చాడు. వాడిదీ కృష్ణదీ ఇంచుమించు ఒకే వయసు. మజ్జిగ గ్లాసు అందుకుంటుంటే వాడి మోచేతి మడతలో దూది, దాని మీద ప్లాస్టర్ కనిపించాయి. ఏమిటని అడిగితే గుంటలో నీళ్ళు చిలికే ఏరేటర్ తీగ గీసుకుందన్నాడు. తీగ మోచేతి మడతలోకి పోయి గీసుకోవడం ఏమిటని నాకు అనిపించింది. పనివాడి చెయ్యి గురించి ఎంతసేపు ఆలోచిస్తాం, వదిలేశాను. వదిలేశానే కానీ మరిచిపోలేదు.

వానలు మొదలయ్యాక ఒక మధ్యాహ్నం అందరం అన్నాలకు కూర్చున్నాం. మా కోడలు, కృష్ణ భార్య రేవతి వడ్డిస్తున్నది. ప్రసాద్‌కి ఫోన్ వచ్చింది. మాట్లాడి పెట్టేసి, పెద్దగా నవ్వాడు.

"అమా, విన్నావా? నేనూ అన్నా అన్నదమ్ములం కాదంట. రక్తం చెప్పిందంట" అన్నాడు.

ఫోన్ చేసింది సుధాకర్. అతను చెప్పింది ఇంత: మీ ఇద్దరి శాంపిల్స్‌కి చుట్టరికం కలవడం లేదు, ఎక్కడో తారుమారై ఉంటుంది, మీ అన్నగారు వచ్చి మళ్ళీ ఇవ్వాలి. అలాంటి మాట ఫోన్లో చెప్పకూడదని ఆ మనిషికి తోచలేదు. తారుమారు అన్న ముక్క మా చెవులకు ఎక్కలేదు. రేవతి చేతిలో గరిటె పులుసు గిన్నెలోనే ఆగింది. కృష్ణ అన్నం సగంలో వదిలేసి చెయ్యి కడుక్కోవడానికి లేచాడు. ఇంకో రోజైతే నేను అది చూసేదాన్ని. ఆ రోజు నేను చూసింది రేవతి మొహాన్ని. ఆ పిల్ల నావైపు ఒక్కసారి చూసి, వెంటనే చూపు తిప్పుకుంది.

ఆ చూపు నాకు బాగా తెలుసు. అది నాదే. చేపలమ్మి మీద, కాపలా మనిషి మీద, పాలవాడి మీద ఇన్నేళ్ళూ నేను వేసిన చూపు, ఈ వయసులో, నా ఇంట్లో, నా వంటగదిలోంచి నా మీద పడింది. సిగ్గో కోపమో తెలియదు, చెవుల్లోంచి ఆవిర్లు వచ్చాయి. గట్టిగా అరుద్దామంటే దేనికని అరవను? నన్ను ఎవరూ ఒక్క మాట అనలేదు.

మర్నాడు రేవతి బియ్యం ఏరుతూ, ఏమీ ఎరగనట్టు, కృష్ణ నెల్లూరు ఆసుపత్రిలో పుట్టినప్పుడు బిడ్డను నా పక్కనే పడుకోబెట్టారా, వేరే గదిలో ఉంచారా అని అడిగింది. పక్కనే పెట్టారని చెప్పాను. ప్రసాద్ మా పుట్టింట్లో పుట్టాడని, మంత్రసాని చేతుల్లోంచి నేరుగా నా చేతుల్లోకే వచ్చాడని అడక్కపోయినా చెప్పాను. చెబుతుంటే నా గొంతు నాకే దొంగ గొంతులా వినిపించింది. చెయ్యని తప్పుకు సంజాయిషీ చెప్పడం ఎంత నీచంగా ఉంటుందో అప్పుడే తెలిసింది.

కృష్ణ పొద్దున పోతే చీకటి పడ్డాకే రావడం మొదలుపెట్టాడు. నా ఎదురుగా కూర్చోడు. సరే, వాడికీ తల్లి మీద అనుమానం వచ్చింది కాబోలు అనుకుని, లోపల్లోపల కుమిలిపోయాను. మళ్ళీ రక్తం ఇవ్వడానికీ వాడు పోలేదు.

ఈ గొడవలో పడి నేను చెయ్యాల్సిన ఒక్క పని మరిచిపోయాను. ప్రసాద్ కంచం చూడలేదు.

చూసిన రోజు ఆదివారం. వాడు రెండు ముద్దలు తిని ఎంగిలి చేత్తోనే లేచాడు. ఎవరికో ఫోన్ చేసి, సముద్రం పక్కన ఉన్న బీడంతా మనమే తీసుకుందాం, పెద్ద గుంట, ఒకటే గుంట, కంటికి ఆనకూడదు అంటున్నాడు. వరండాలో ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. వాడి గదిలోకి పోయి మాత్రల డబ్బా తీశాను. నెల ఆఖరుకు వచ్చింది, అట్టల్లో మాత్రలు అట్టల్లోనే ఉన్నాయి.

డబ్బా తీసుకుపోయి వాడి ముందు పెట్టాను. దాచలేదు, బుకాయించలేదు. "నాయన జబ్బు నాకు రావాలంటే నేను నాయన కొడుకును గావాల గదా. నేను ఎవురి కొడుకునో నువ్వే చెప్పు, ఆ జబ్బుకు మందు దింటా" అన్నాడు.

కన్నకొడుకు ఆ మాట నవ్వుతూ అన్నాడు. ఆ నవ్వు వాడిది కాదు, జబ్బుది. నాకు ఆ సంగతి తెలిసినా కళ్ళ నీళ్ళు ఆగలేదు. ఆయనకైతే మందు లేక పోయాడు. వీడికి మందు ఉండి, నా మీద పడిన ఒక మాట వల్ల పోతాడా అని భయం పట్టుకుంది. ఆయన చెల్లెలు, ఆ కాలవ, అన్నీ కళ్ళ ముందు తిరిగాయి.

రేవతిని పిలిచి డాక్టరమ్మకు ఫోన్ కలపమన్నాను. నేను చెప్పిందంతా ఆవిడ విన్నది. ముందు సుధాకర్ చేసిన పనికి క్షమించమన్నది. ఆ తర్వాతి మాటలు రేవతి కూడా వినాలని స్పీకర్ పెట్టించాను. తండ్రులు వేరైనా సరే, ఒక తల్లి కడుపున పుట్టినవాళ్ళకు తల్లి వైపు నుంచి కొంత కలిసి తీరుతుంది, ఇక్కడ అది కూడా లేదు, కాబట్టి ఇందులో మిమ్మల్ని శంకించే పనే లేదమ్మా, ప్రసాద్‌ది నా ఎదుటే తీశాం, కృష్ణ పేరున ఉన్న రెండో రక్తమే మీ అబ్బాయిది కాదు, ఎలా మారిందో నాకు తెలియదు అన్నది. ప్రసాద్‌ని మాత్రం వెంటనే తీసుకురండి, ఆలస్యం చేస్తే చేతులు దాటిపోతుందన్నది.

రేవతి తల దించుకుంది. దాన్ని సాధించడానికి నాకు తీరిక లేదు. రెండో రక్తం ఎవరిది? ఏరేటర్ తీగ, మోచేతి మడత, దూది. నా అనుమానం వల్ల ఇంట్లో ఎవరికీ సుఖం లేదంటారు కదా, ఆ రోజు అదే పనికొచ్చింది.

ప్రసాద్‌ని కనిపెట్టుకుని ఉండమని రేవతికి చెప్పి, ఆటో మాట్లాడుకుని గుంటల దగ్గరికి పోయాను. హజరత్తయ్య గట్టున కూర్చుని చెక్ ట్రే పైకి లాగి మేత ఎంత మిగిలిందో చూస్తున్నాడు. అల్లూరు క్యాంపులో నీ పేరు ఏమని చెప్పావురా అని అడిగాను. వాడు ట్రే నీళ్ళలోకి జారవిడిచాడు. కృష్ణన్న చెప్పమాకన్నాడని గొణిగాడు. క్యాంపులో ఉన్నది సుధాకర్ ఒక్కడే, అతను కృష్ణ మొహం ఎన్నడూ చూడలేదట.

అంతలో కృష్ణ షెడ్డులోంచి వచ్చాడు. నన్ను, హజరత్తయ్యను చూసి అక్కడే నిలబడిపోయాడు. నేను ఏమి తిట్టానో నాకు గుర్తులేదు. నీ తల్లిని ఆ చూపుల కింద ఇన్నాళ్ళు నిలబెట్టి నోరు మూసుకున్నావా అన్నాను. తమ్ముడు మందు మానేశాడురా, నీ వల్ల మానేశాడు అన్నాను. మానేసిన సంగతి వాడికి తెలియదు. గట్టు మీద చతికిలబడ్డాడు.

ఎందుకు చేశావని అడిగాను.

"పోయినేడు మనం మంచి గుంట రొయ్యల్ని పంపలా? అట్టనే అనుకున్నా. వాడొక్కడిదే అయితే వాడి జబ్బు. నాది గూడా పాజిటివ్ వస్తే ఇంటి మొత్తానికీ అంటారు" అన్నాడు.

ఫలితం రాదని డాక్టరమ్మ చెప్పింది కదరా అంటే, చెప్పకపోయినా ఎక్కడో రాసి ఉంటుంది కదా అన్నాడు. ఇంకా ఏదో ఉందని నాకు అర్థమైంది. నేను వదల్లేదు. నీది పాజిటివ్ ఎందుకు వస్తుందనుకున్నావని అడిగాను.

"నాకు గూడా నిద్ర పట్టడం లా అమా. పోయినేడు గుంట పోయినప్పటి నుంచి. ఒక్కోసారి తల్లో మాటలు ఆగవు. నాయన మాదిరే ఉంటదా ఇది అని భయం. నీకు చెబ్దామనుకుంటా. చెప్తే నువ్వు వాణ్ణి చూసినట్టు నన్ను గూడా చూస్తావు. అన్నం కాడ. ఆ చూపు నేను తట్టుకోలేను."

రేవతి చూపు నా మీద పడి ఎన్నాళ్ళయింది? దానికే నాకు అన్నం సయించలేదు. నా చూపు కింద ప్రసాద్ పదేళ్ళకు పైగా అన్నం తింటున్నాడు. అది వాడి మంచికే, కాదని ఎవరన్నా అంటే ఇప్పటికీ ఒప్పుకోను. కానీ నా పెద్దకొడుకు ఆ చూపుకు భయపడి వేరేవాడి రక్తాన్ని తన పేరు మీద పంపాడు. అది నిజంగా చాలా నొప్పి పుట్టించింది. హజరత్తయ్య పాపం ఎటు చూడాలో తెలియక తువ్వాలు దులుపుకుంటున్నాడు.

ముగ్గురం ఇంటికి వచ్చాం. ప్రసాద్ వరండాలో రేవతికి సముద్రం పక్కన తవ్వబోయే గుంట గురించి చెబుతున్నాడు. కృష్ణ వాడి ముందు నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేశాడు. హజరత్తయ్య కూడా అవునన్నాడు. ప్రసాద్ చప్పట్లు కొట్టాడు.

నాటకం బాగుందన్నాడు. నా నోట్లో మాత్ర వెయ్యడానికి ముగ్గురూ కూడబలుక్కుని వచ్చారా, పనివాడికి మాటలు నేర్పి మరీ తెచ్చారా అన్నాడు. డాక్టరమ్మ ఫోన్లో చెప్పింది నేను విన్నానని రేవతి అంటే, ఆవిడ కూడా మీ మనిషే కదా అన్నాడు. నిజం చెప్పినా నమ్మని స్థితికి వచ్చేశాం. మళ్ళీ రక్తం ఇచ్చి రుజువు చేద్దామంటే అది తేలేది ఎప్పటికో. వాడికి అంత వ్యవధి లేదు. చేతులు కాళ్ళు పట్టుకుని కారెక్కించడం ఒక్కటే దారి అనుకున్నాను. వాళ్ళ నాయన్ని అలా ఎక్కించాం. ఆ తర్వాత ఆయన మమ్మల్ని చాలాకాలం నమ్మలేదు.

అప్పుడు కృష్ణ వాడి పక్కన కింద కూర్చున్నాడు. బతిమాలలేదు, కోప్పడలేదు. రొయ్యల ధర అడిగినంత మామూలుగా అడిగాడు.

"రే ప్రసాదూ, నీకు మొదట్లో ఎట్టా ఉండిందిరా?"

ప్రసాద్ మాట ఆగింది. ఎందుకడుగుతున్నావన్నాడు. "నాకు వస్తుందేమోనని భయంగా ఉంది. ఈ ఇంట్లో తెలిసినోడివి నువ్వొక్కడివే. చెప్తావని అడుగుతుండా" అన్నాడు కృష్ణ.

ఇన్నేళ్ళలో వాణ్ణి ఆ మాట ఎవరూ అడగలేదు. మాత్ర వేసుకున్నావా అని అడిగాం, నిద్రపోయావా అని అడిగాం. నీకెలా ఉంటుందని అడగలేదు. ప్రసాద్ అన్న మొహంలోకి అనుమానంగా చూశాడు. చూసీ చూసీ, అందులో నాటకం దొరకక కాబోలు, గొంతు తగ్గించాడు.

"బాగుంటదన్నా. అదే మొదలు. జబ్బు మాదిరి ఉండదు. అంతా బాగుంటది. నిద్ర అక్కరలేదనిపిస్తది. ఎవురికీ తెలీనిది నాకొక్కడికే తెలిసినట్టు ఉంటది. నాకు చెప్పేవోళ్ళంతా పగోళ్ళనిపిస్తది. ఇప్పుడు…"

అక్కడ ఆగాడు. ఎదురుగా ఉన్న మమ్మల్ని ఒక్కొక్కరినీ చూశాడు.

"ఇప్పుడున్నట్టే ఉంటదన్నా" అన్నాడు.

కృష్ణ వాడి చెయ్యి పట్టుకున్నాడు. ఈ ఇద్దరూ అన్నదమ్ములు కారని రక్తం చెప్పిందట. ఆ మాట గుర్తొచ్చి నాకు ఏడుపుతో పాటు కోపం కూడా వచ్చింది. రేవతి లోపలికి పోయి వాడి బట్టలు సర్దింది. పొద్దు వాలకముందే నెల్లూరు దారి పట్టాం.

ఆసుపత్రిలో కొన్నాళ్ళు ఉంచాల్సి వచ్చింది. దారిలో ఒకటి రెండుసార్లు మనసు మార్చుకుని కారు ఆపమన్నాడు, ఆసుపత్రిలో నన్ను చూసి మొహం తిప్పుకున్న రోజులూ ఉన్నాయి. అన్నీ సినిమాలోలాగా ఒక్క మాటతో సర్దుకోవు. మెల్లగా మందు పట్టింది. చేతుల వణుకుతో పాటు మా ప్రసాద్ కూడా తిరిగొచ్చాడు.

ఇంటికి పంపే రోజున డాక్టరమ్మ కృష్ణను కూడా కూర్చోబెట్టుకుని చాలాసేపు మాట్లాడింది. బయటికి వచ్చి, ఇప్పటికైతే జబ్బు కనిపించడం లేదు, నిద్ర చెడింది, భయం పట్టుకుంది, దానికి చూద్దామన్నది. ఇక ముందు కూడా రాదని చెప్పమన్నాను. ఆవిడ చెప్పలేదు. తండ్రికి ఉంటే పిల్లలకు వచ్చే అవకాశం మిగతావాళ్ళకన్నా ఎక్కువే, అయినా చాలామందికి రాదు, మీ వాడు ఎందులో ఉన్నాడో చెప్పగలిగే రోజు కోసమే ఈ వెతుకులాట అన్నది. మామూలుగా అయితే ఈ జవాబుకు నేను గొడవ పెట్టుకునేదాన్ని. కానీ ఆవిడ మొహంలో దాపరికం ఏమీ లేదు, తెలియదు కాబట్టి తెలియదన్నది.

కృష్ణ వెళ్ళి సుధాకర్ ముందు కూర్చుని చొక్కా చెయ్యి మడిచాడు. ఈసారి సుధాకర్ మొహం పరీక్షగా చూసుకుని మరీ పేరు అడిగాడు. వాడి తర్వాత నేను కూర్చున్నాను. మీరు వద్దన్నారు కదమ్మా అని డాక్టరమ్మ ఆశ్చర్యపోయింది. "వీళ్ళిద్దరూ నా బిడ్డలని నాకు తెలుసు. మీ మిషన్‌కి గూడా తెలియనీ" అని చెయ్యి చాపాను. సూది గుచ్చితే మంటగానే ఉంది. ఐసు పెట్టెలో పెట్టి మూత వేసేదాకా మాత్రం నా రక్తం మీద నుంచి చూపు తిప్పలేదు. ఆ సుధాకర్‌ని ఇంకా పూర్తిగా నమ్మలేను.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో అన్నాలకు కూర్చున్నాం. కృష్ణకు ఫోన్ వచ్చింది. విన్నాడు, ఊఁ అన్నాడు, ఎంగిలి చేత్తోనే లేచి వరండాలోకి పోయాడు. గట్టిగా మాట్లాడుతున్నాడు. గుంట దగ్గర మోటారు కాలిందో, ఇంకేమన్నా అయిందో తెలియదు. రేవతి గరిటె పట్టుకుని నావైపు చూసింది. ప్రసాద్ ముద్ద ఆపి నావైపు చూశాడు. నేను ఏమి చూస్తున్నానో అని చూస్తున్నారు ఇద్దరూ.

కృష్ణ కంచం నాకు బాగా దగ్గర్లోనే ఉంది. అందులో ఎంత అన్నం మిగిలిందో తల తిప్పితే కనిపిస్తుంది. నా ప్రాణం అక్కడే కొట్టుకుంది. రసం పోయమని రేవతికి గిన్నె చూపించాను. పోసింది. ఉప్పు తక్కువైంది, ఆ మాట కూడా అనలేదు. వాడు వచ్చి మళ్ళీ పీట మీద కూర్చున్న చప్పుడు వినేదాకా, నా కంచంలోకే చూసుకుంటూ నా అన్నం నేను తిన్నాను.